విప్పే ముందు ఊది చూడండి

ప్రశ్న: మా తాతయ్య వాయించిన క్లారినెట్ ఏళ్ల తరబడి పెట్టెలోనే ఉండిపోయింది. నల్ల చెక్కతో చేసింది. కీలు మసకబారాయి, జాయింట్ల (విడదీసే గొట్టం ముక్కల) దగ్గర కార్కు ఎండిపోయి పొడిగా రాలుతోంది, రంధ్రాలను మూసే మెత్తటి ప్యాడ్లు పసుపు రంగుకు తిరిగాయి, ఒకటి రెండు చిరిగాయి కూడా. ఊదితే పై జాయింటు మీది స్వరాలు కొన్ని పలుకుతున్నాయి, కిందికి వెళ్లేకొద్దీ కీచుమంటోంది. తయారుచేసిన కంపెనీ ముద్ర కింద 'ఎల్.పి.' అని ఇంగ్లిషు అక్షరాలున్నాయి. నేను కొద్దిగా వాయించగలను, చేతిపనులంటే ఇష్టం. కీలన్నీ విప్పి, మెరిసేలా పాలిష్ చేసి, ప్యాడ్లన్నీ మార్చి, చెక్కకి నూనె పట్టించి మళ్లీ బిగిద్దామని ఉంది. ఒక స్క్రూ మాత్రం ఎంత తిప్పినా కదలడం లేదు. ఈ పని ఇంట్లో నేర్చుకోవడం సాధ్యమేనా? తాతయ్య వస్తువు నా చేతుల్లో పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: సాధ్యమేనండీ. క్లారినెట్ రిపేరులో చాలా భాగం ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో ఒక టేబుల్ దగ్గర కూర్చుని చేసుకోగలిగిందే. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కానీ మీరు రాసిన పద్ధతిలో మాత్రం మొదలుపెట్టకండి. అన్నీ విప్పడం, అన్నీ మార్చడం, అన్నీ మెరిపించడం వినడానికి బాగానే ఉంటుంది. తీరా బిగించాక అది పలక్కపోతే? మామూలు క్లారినెట్ మీద 17 కీలు, 6 రింగులు (వేలితో మూసే రంధ్రాల చుట్టూ ఉండే లోహపు వలయాలు) ఉంటాయి. ప్రతి కీకీ ఒక స్ప్రింగు, ఒక స్క్రూ లేదా రాడ్డు, చాలావాటికి ఒక ప్యాడ్, అడుగున ఎక్కడో ఒక చిన్న కార్కు ముక్క ఉంటాయి. వీటన్నిటినీ ఒకేసారి కదిలిస్తే తప్పు ఎక్కడుందో వెతకడానికి దారే ఉండదు. ఇప్పుడు మీ వాయిద్యం సగం పలుకుతోంది, సగం పలకడం లేదు. ఆ సగం పలకడమే మీ చేతిలో ఉన్న పెద్ద ఆధారం. విప్పేస్తే అది పోతుంది.

కాబట్టి లక్ష్యం మార్చుకోండి. 'కొత్తదానిలా చెయ్యాలి' అనుకోకండి. 'గాలి ఎక్కడ కారుతోందో కనిపెట్టాలి' అనుకోండి. చెక్క వాయిద్యాల రిపేరు అంటే ముప్పాతిక మువ్వీసం గాలి కారే చోటు వెతకడమే. దొరికాక దాన్ని మూయడం చిన్న పని.

ముందు ఆ ఎల్.పి. సంగతి చూద్దాం, ఎందుకంటే ఇది తేలకుండా పని మొదలుపెట్టి చాలామంది నష్టపోతారు. పాత రోజుల్లో అన్ని దేశాలూ ఒకే శ్రుతి వాడలేదు. ఫ్రాన్స్ 1859లో ఎ స్వరాన్ని 435 హెర్ట్జ్‌గా నిర్ణయించింది. బ్రిటన్‌లో, అమెరికాలో మాత్రం బ్యాండ్లు చాలాకాలం దాదాపు 452 హెర్ట్జ్ దగ్గర వాయించాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడే 440 మీద అంతర్జాతీయంగా ఒప్పందం కుదిరింది 1939లో, లండన్ సమావేశంలో. అందుకే పాత క్లారినెట్ల మీద హెచ్.పి., అంటే హై పిచ్ అనీ, ఎల్.పి., అంటే లో పిచ్ అనీ ముద్ర వేసేవారు. 452కీ 440కీ తేడా దాదాపు 47 సెంట్లు, అంటే అర మెట్టులో సగం. హై పిచ్ వాయిద్యాన్ని ఎంత బాగుచేసినా మిగతావాళ్లతో కలిసి వాయించలేరు. బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే పొట్టి గొట్టం ముక్క) కాస్త బయటికి లాగితే సరిపోతుందిగా అంటారు కొందరు. సరిపోదు. అలా లాగితే గొట్టం పైభాగంలో పలికే గొంతు స్వరాలు ఎక్కువ దిగుతాయి, అడుగు స్వరాలు కొంచెమే దిగుతాయి, స్వరాల మధ్య లెక్క మొత్తం తప్పుతుంది. మీది ఎల్.పి. కాబట్టి ఈ బెంగ లేదు. అయినా ఫోనులో ట్యూనర్ పెట్టుకుని చూడండి. బి-ఫ్లాట్ క్లారినెట్ అయితే సి వేలుపట్టు పట్టినప్పుడు ట్యూనర్ మీద బి-ఫ్లాట్ కనిపించాలి. కారే ప్యాడ్లతో శ్రుతి అటూ ఇటూ అవుతుంది, బాగా పలికే స్వరాలనే నమ్మండి.

కీలు కూడా లెక్కపెట్టండి. 17 కీలు, 6 రింగులు ఉంటే అది ఇప్పుడు దాదాపు అందరూ వాడే బోయమ్ పద్ధతి. 13 కీలు, రెండు రింగులు లాంటివి ఉంటే పాత ఆల్బర్ట్ పద్ధతి కావచ్చు, దాని వేలుపట్టు వేరు. మీకు వచ్చిన వేలుపట్టుతో దాన్ని ఊది 'పలకడం లేదు' అనుకునే ప్రమాదం ఉంది. అలాంటిదైతే ఆ పాత వేలుపట్టు పటం సంపాదించాకే పరీక్షించండి. లేత రంగు బాక్స్‌వుడ్‌తో చేసి, అయిదారు కీలు మాత్రమే ఉన్నదైతే అసలు ముట్టుకోవద్దని చెప్పేవాణ్ని. అలాంటివి మ్యూజియం వాళ్లు అడిగే రకం, వాటి మీద నేర్చుకోకూడదు. మీ ఉత్తరాన్ని బట్టి మీది గ్రెనడిల్లా అనే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అయ్యుండాలి. క్లారినెట్లకు ఎక్కువగా వాడే చెక్క అదే.

ఇక రీడ్ (ఊదితే కంపించే సన్న రెల్లు బద్ద), మౌత్‌పీస్. కీచుమనడానికి చాలాసార్లు కారణం ఈ రెండే, నింద మాత్రం ప్యాడ్ల మీద పడుతుంది. పెట్టెలో దొరికిన పాత రీడ్ పారేయండి. కొత్తది, మరీ గట్టిది కానిది, 2 లేదా 2½ నంబరు తెచ్చుకోండి. ఎవరిదైనా పనిచేసే మౌత్‌పీస్ కాసేపు అరువు దొరికితే పరీక్ష మొత్తం దానితోనే చెయ్యండి. తాతయ్యగారి మౌత్‌పీస్‌ను గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బుతో కడగొచ్చు. తెల్లటి పెచ్చులు కట్టి ఉంటే నీళ్లు కలిపిన వెనిగర్‌లో ముంచిన దూదితో తుడవండి. వేడి నీళ్లు మాత్రం వద్దు. పాత మౌత్‌పీస్‌లు ఎక్కువగా ఎబోనైట్‌వి, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వేడి తగిలితే ఆకుపచ్చ-గోధుమ రంగుకు తిరుగుతాయి, వంపు తిరిగే ప్రమాదమూ ఉంది.

ఊదే ముందు మంచి వెలుతురులో చెక్కని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. పగుళ్లు చెక్క పోగుల వెంట నిలువుగా వస్తాయి, ఎక్కువగా పై జాయింటులో, ట్రిల్ కీల (రెండు స్వరాల మధ్య వేగంగా మారడానికి వాడే పక్క కీల) రంధ్రాల దగ్గర. వెంట్రుకలా సన్నగా ఉంటాయి, మురికి గీత అనుకుని వదిలేసేలా. రంధ్రంలోకి దిగిన పగులు కనిపిస్తే ఇంటి ప్రయోగాలు అక్కడితో ఆపి, రిపేరు చేసేవారికి చూపించండి. పగులుని అతికించడం, పిన్ను వెయ్యడం, పట్టీ బిగించడం నేర్చుకోవలసిన పనులే కానీ, మొదటి పాఠంగా కాదు. తాతయ్య వాయిద్యం మీద అసలే కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక్కో జాయింటునీ విడిగా చెయ్యాలి. పై జాయింటు తీసుకుని, నోటికి తగిలే కొసని శుభ్రంగా తుడవండి. ఎడమచేతి బొటనవేలు, మూడు వేళ్లతో రంధ్రాలు మూసి, కింది కొసని కుడి అరచేతితో గట్టిగా మూయండి. పైనుంచి గాలి లోపలికి పీల్చండి. లోపల శూన్యం ఏర్పడి పెదవికి పట్టుకున్నట్టు కొన్ని సెకన్లు నిలవాలి. వెంటనే వదిలేస్తే ఎక్కడో కారుతోంది. పీల్చే బదులు మెల్లిగా ఊదితే సుయ్యిమని చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో వినొచ్చు. కింది జాయింటుకీ ఇంతే: కుడిచేతి మూడు వేళ్లు రంధ్రాల మీద, చిటికెనవేలు అట్టడుగు ఇ స్వరం కీ మీద, కింది కొస అరచేతిలో. ఈ పరీక్షకి నైపుణ్యం ఏమీ అక్కర్లేదు. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని దాటేసి స్క్రూడ్రైవర్ అందుకుంటారు!

కారుతోందని తేలాక ఏ ప్యాడో పట్టుకోవాలి. చాలా పల్చటి ప్లాస్టిక్ పొరని గానీ సిగరెట్ కాగితాన్ని గానీ రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించి సన్న పుల్ల చివర అతికించండి. అది ప్యాడ్ కిందికి దూర్చి, కీని స్ప్రింగు మూసేంత ఒత్తిడితోనే మూసి, మెల్లిగా లాగండి. తెరిచి ఉండే ప్యాడ్ అయితే వేలితో తేలిగ్గా మూయండి. ముందు, వెనక, రెండు పక్కలా ఒకే పట్టు ఉండాలి. ఒక చోట పట్టుకుని ఇంకోచోట జారిపోతే ఆ జారిన వైపు నుంచి గాలి పోతోంది. గట్టిగా నొక్కి పరీక్షిస్తే కారే ప్యాడ్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది, అక్కడ జాగ్రత్త.

ఏ ప్యాడ్ నుంచి మొదలుపెట్టాలి? పైనుంచి. క్లారినెట్‌లో ఒక స్వరం పలకాలంటే దానికి పైనున్న రంధ్రాలన్నీ గాలి పోకుండా మూసుకోవాలి. కాబట్టి పైన ఎక్కడో ఒక చిన్న లీకు ఉంటే దాని కిందివన్నీ బాధపడతాయి. మీరు రాసింది సరిగ్గా ఇదే: పైవి కొన్ని పలుకుతున్నాయి, కిందికెళ్లేకొద్దీ కీచుమంటోంది. పై జాయింటు పీల్చుడు పరీక్షలో నెగ్గేదాకా కింది జాయింటు ప్యాడ్ల జోలికి వెళ్లకండి. నాకు ముందుగా అనుమానం వచ్చేవి మూడు. వెనక బొటనవేలి దగ్గరున్న రిజిస్టర్ కీ ప్యాడ్. క్లారినెట్ పై స్థాయికి దూకితే ఎనిమిదో స్వరానికి వెళ్లదు, పన్నెండో స్వరానికి వెళ్తుంది, ఆ దూకుడు జరిపించేది ఈ కీయే. అది రవ్వంత కారినా అడుగు స్వరాలు చెప్పకుండా పైకి ఎగిరిపోతాయి. రెండోది కుడి పక్కన వరసగా ఉండే సైడ్ కీలు, ట్రిల్ కీల ప్యాడ్లు. మూడోది రెండు జాయింట్లనీ కలిపే బ్రిడ్జ్ కీ. జాయింట్లు తొడిగేటప్పుడు ఆ కీని ఎత్తి పట్టుకోకపోతే కొద్దిగా వంగిపోతుంది. అప్పుడు విడివిడిగా రెండు జాయింట్లూ పరీక్షలో నెగ్గుతాయి, కలిపాక మాత్రం పలకదు. ఇది తెలియక ప్యాడ్లన్నీ మార్చేసినవాళ్లున్నారు.

కింది జాయింటులో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది, ముందే చెప్పడం మంచిది. అట్టడుగు ఇ కీ నొక్కినప్పుడు దాని ప్యాడ్‌తోపాటు పక్కనున్న ఎఫ్ ప్యాడ్ కూడా అదే క్షణంలో మూసుకోవాలి. ఎఫ్ కీకి పిట్టకాలిలా చీలి ఉండే ఒక భాగం ఈ రెంటినీ కలుపుతుంది. దాని కింద అతికించిన పల్చటి కార్కు ఊడిపోయినా అరిగినా ఒక ప్యాడ్ మూసుకుని ఇంకొకటి కాగితం మందాన తెరిచి ఉండిపోతుంది. ఇక అడుగు స్వరం ఎంత ఊదినా రాదు. ప్యాడ్లు రెండూ బాగానే ఉంటాయి, మార్చాల్సింది ఆ కార్కు ముక్క. పొరని రెండు ప్యాడ్ల కిందా ఒకేసారి పెట్టి కీ నొక్కితే ఇది తెలిసిపోతుంది.

రింగుల సంగతీ ఇలాంటిదే. వేలితో రంధ్రం మూసినప్పుడు రింగు కిందికి వెళ్లి దూరంలో ఉన్న ఇంకో ప్యాడ్‌ని మూస్తుంది. ఫ్రాన్స్‌లో క్లోసే అనే వాద్యకారుడు, బుఫే అనే తయారీదారుడు కలిసి 1839 నుంచి 1843 లోపు ఈ ఏర్పాటుని క్లారినెట్‌కి అమర్చారు. అంతకుముందే 1812లో ఇవాన్ ముల్లర్ లోపల మెత్త పెట్టిన ప్యాడ్లతో 13 కీల క్లారినెట్ తెచ్చాడు. పాత బల్లపరుపు తోలు ముక్కలు గాలిని సరిగా ఆపలేకపోయేవి కాబట్టే అప్పటిదాకా ఎక్కువ కీలు పెట్టడానికి జంకేవారు. అంటే ఈ వాయిద్యం ఎదిగిందే గాలి కారకుండా చూసుకునే తెలివితో. మీ పనికి ఇందులోంచి అందేది ఇది: రింగుని వంచినా, దాని కింద కార్కు మార్చినా ఇంకెక్కడో ఉన్న ప్యాడ్ మీద ప్రభావం ఉంటుంది. ఒక మార్పు చెయ్యండి, ఊది చూడండి, తర్వాతే ఇంకొకటి.

ఇప్పుడు విప్పొచ్చు, కారే కీని మాత్రమే. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో వెడల్పుకి వెడల్పు, మందానికి మందం సరిపోవాలి. వదులుగా ఉంటే గాడి చెడుతుంది, జారితే చెక్క మీద గీత పడుతుంది. విప్పేముందు ఫోటో తియ్యండి, రెండు వైపుల నుంచీ. స్ప్రింగులు రెండు రకాలు: స్తంభంలోంచి పొడుచుకొచ్చే సూది స్ప్రింగు, కీ అడుగున స్క్రూతో బిగించే బద్ద స్ప్రింగు. సూది స్ప్రింగుని ముందు దాని కొక్కెం నుంచి తప్పించి తర్వాత కీ తియ్యాలి. చిన్న క్రోషే సూది కొసని కాస్త అరగదీస్తే ఈ పనికి చాలు. నీలం రంగు ఉక్కు స్ప్రింగు తుప్పుపట్టి ఉంటే వంచబోకండి, పుటుక్కున విరుగుతుంది. విరిగినదాన్ని లాగి కొత్తది దిగ్గొట్టడం మొదటి రోజుల్లో పెట్టుకునే పని కాదు. తీసిన స్క్రూలని అట్టముక్కకి గుచ్చి పక్కన ఏ కీదో రాసుకోండి. చూడటానికి ఒకేలా ఉన్నా పొడవులో తేడా ఉంటుంది.

కదలని స్క్రూ గురించి అడిగారు. నా మొదటి ప్రశ్న: ఆ కీ ప్యాడ్ కారుతోందా? లేకపోతే దాన్ని అలాగే వదిలేయండి. తియ్యక తప్పదంటే, తుప్పు వదిలించే పల్చటి నూనెని సూది మొనతో ఒక్క చుక్క, స్క్రూ స్తంభాన్ని కలిసే చోట పెట్టి రాత్రంతా ఉంచండి. డబ్బాలోంచి నేరుగా స్ప్రే కొట్టకండి, చెక్కకీ ప్యాడ్లకీ పాకుతుంది. మర్నాడు ముందు బిగించే వైపు రవ్వంత తిప్పి, తర్వాత వదులు చేసే వైపు తిప్పండి. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ కొసని స్క్రూ తలకి కాసేపు ఆనించి, చల్లారాక మళ్లీ ప్రయత్నించొచ్చు. అప్పుడూ కదలకపోతే బలం పెంచకండి. గాడి చెడిపోయిన స్క్రూని డ్రిల్లు పెట్టి తియ్యాలి, అది రిపేరు చేసేవారి పని.

ప్యాడ్ మార్చడం దగ్గర కాస్త నిలబడదాం, ఓపిక కావాల్సింది ఇక్కడే. మామూలు క్లారినెట్ ప్యాడ్ అంటే అట్ట ముక్క మీద ఫెల్ట్, దాని మీద పల్చటి జంతు పొర. పొర చిరిగినా, గట్టిపడినా, లోతుగా గాడిపడినా మార్చాలి. రంగు తిరిగినంత మాత్రాన అక్కర్లేదు. పసుపు రంగు ప్యాడ్లు గాలి చుక్క పోనివ్వకుండా పనిచేస్తుంటాయి. ఎన్ని చిరిగాయో అన్నే మార్చండి. కొలత ప్యాడ్‌ది తీసుకోకండి, అది కూర్చునే గిన్నె లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకోండి. వ్యాసం ఎంత ముఖ్యమో మందం కూడా అంతే ముఖ్యం. తలుపు బందుల వైపు ఏదైనా అడ్డుపడితే ముందువైపు మూసుకోదు చూడండి, మందం ఎక్కువైన ప్యాడ్ కూడా అంతే. కీ తిరిగే ఇరుసు వైపు ముందుగా తగిలి, ఎదురు వైపు తెరిచి ఉంటుంది. పల్చగా ఉంటే దీనికి తిరగబడి, ఎదురు వైపు ముందు తగులుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే ప్యాడ్ కూర్చోబెట్టడం వచ్చినట్టే. పొర పరీక్షలో వెనక గట్టిగా ముందు వదులుగా ఉంటే ప్యాడ్‌ని గిన్నెలోకి ఇంకొంచెం దించాలి. ముందు గట్టిగా వెనక వదులుగా ఉంటే వెనకవైపు కొంచెం పైకి లేపాలి, అవసరమైతే గిన్నెలో అతుకు ఇంకాస్త వెయ్యాలి.

అతుకుకి పాతకాలం పద్ధతి లక్క. ఇప్పుడు వేడికి కరిగే జిగురు కడ్డీలు కూడా వాడుతున్నారు. రెండింటిలోనూ నా ఓటు లక్కకే, మళ్లీ వేడి చేసి ఎన్నిసార్లయినా సర్దుకోవచ్చు, చల్లారాక గట్టిగా నిలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి జిగురు కడ్డీ కాస్త సులువే, తప్పేం లేదు. సూపర్ గ్లూ మాత్రం దరిదాపులకి రానివ్వకండి. కీని వాయిద్యం నుంచి తీశాకే గిన్నె వెనక భాగాన్ని స్పిరిట్ దీపం మీద వేడిచెయ్యండి. స్పిరిట్ మంట పగటి వెలుతురులో సరిగా కనిపించదు, చుట్టూ కాగితాలు, గుడ్డలు లేకుండా చూసుకోండి. గిన్నెలో చుక్కంత అతుకు కరిగించి, ప్యాడ్ పెట్టి, అది ఇంకా కదిలేంత మెత్తగా ఉండగానే కీని బిగించి, తేలిగ్గా మూసి రంధ్రానికి సరిపోయేలా సర్దండి. తర్వాత పొరతో పరీక్ష. తేడా ఉంటే కీ తీసి, మళ్లీ కొంచెం వేడి, మళ్లీ సర్దడం. బిగించి ఉన్న కీకి మంట చూపిస్తే చెక్కా, ప్యాడ్ మీది పొరా కాలతాయి. కొందరు ప్యాడ్ల మీద బిగుతుగా రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా ఉంచుతారు. నాకది నచ్చదు. సరిగా కూర్చోని ప్యాడ్‌లో బలవంతంగా గాడి పడుతుంది, రెండు రోజులు బాగున్నట్టు నటించి మళ్లీ కారుతుంది. సరిగా కూర్చున్న ప్యాడ్ మీద రంధ్రం అంచు గుర్తు సన్నగా, చుట్టూ ఒకే లోతులో ఉంటుంది.

జాయింట్ల దగ్గర రాలిపోతున్న కార్కు గురించి ఒక సులువైన మాట: మొదట్లో కార్కు వద్దు, దారం చుట్టండి. కార్కు రాకముందు వాడింది దారమే, కాబట్టి ఇది అతుకుబొతుకు పనేం కాదు. పాత కార్కుని గీకేసి, మైనం పట్టించిన నూలు దారాన్ని గాడిలో సమంగా చుట్టి, జాయింటు మెల్లిగా తిప్పితే దిగేంత మందం ఉంచండి. ఎక్కువైతే విప్పొచ్చు, తక్కువైతే ఇంకో రెండు చుట్లు. చేయి కుదిరాక 1.6 మిల్లీమీటర్ల కార్కు షీటు తెచ్చి, కొసలు ఏటవాలుగా కోసి, రెండు వైపులా కాంటాక్ట్ సిమెంట్ రాసి, తడి ఆరి జిగటగా అయ్యాక అతికించి, సన్న ఉప్పుకాగితంతో చుట్టూ సమంగా తగ్గించుకోవచ్చు. మొదటి కార్కు చాలామందికి ఒక పక్క పల్చగా వస్తుంది. గట్టిగా దిగే జాయింటుని బలంగా తోసే పని ఎప్పుడూ చెయ్యకండి. కీల మీద పట్టు పడి అవి వంగేది అప్పుడే.

పాలిష్ విషయంలో నిరాశపరచక తప్పదు. కీలు సాధారణంగా రాగి, నికెల్, జింకు కలిపిన నికెల్ సిల్వర్‌వి, పేరులో తప్ప అందులో వెండి ఉండదు. పైన పూత ఉంటే గట్టిగా రుద్దితే పూతే పోతుంది. పాలిష్ పేస్టు కీల సందుల్లోకి, స్తంభాల కన్నాల్లోకి, రంధ్రాల్లోకి చేరి గట్టిపడితే దాన్ని బయటికి తియ్యడం పెద్ద తలనొప్పి. తీసిన కీని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, తిరిగే చోట ఒక చుక్క కీ ఆయిల్ వెయ్యండి, అంతే. మసక రంగు శబ్దాన్ని ఏమీ చెయ్యదు.

చెక్కకి నూనె మీద మాత్రం రిపేరు చేసేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఏటా పట్టించేవాళ్లున్నారు, అసలు వద్దనేవాళ్లున్నారు. లోపలి గొట్టం బూడిదరంగులో పొడిబారి కనిపిస్తే పల్చగా ఒక్క పూత మంచిదేనని నా ఉద్దేశం. గుడ్డకి చాలా కొద్దిగా నూనె అంటించి గొట్టంలోంచి లాగి, కాసేపాగి మిగిలినది తుడిచెయ్యాలి. ప్యాడ్లకి నూనె తగిలితే అవి పాడైనట్టే. అందుకని మూసి ఉండే ప్రతి ప్యాడ్ కిందా ప్లాస్టిక్ ముక్క పెట్టి ఈ పని చెయ్యండి. వంటనూనె వాడొద్దు, జిడ్డు కట్టి కంపు కొడుతుంది.

టెన్షన్ గురించి: అది తగ్గే దారి ఒకటుంది. ఎవరూ వాయించని, విలువ లేని ఒక ప్లాస్టిక్ క్లారినెట్ సంపాదించి మొదటి నాలుగు ప్యాడ్లు దాని మీద మార్చండి. లక్క ఎక్కువ పోసి పొంగించడం, ప్యాడ్ కాల్చడం, స్ప్రింగు కొక్కెం తప్పించడం లాంటి పొరపాట్లన్నీ అక్కడే జరిగిపోనివ్వండి. కీల ఏర్పాటు రెండింటిలోనూ దాదాపు ఒకటే. చేయి స్థిమితపడ్డాక తాతయ్య క్లారినెట్ దగ్గరికి రండి. అప్పటిదాకా దాని మీద పీల్చుడు పరీక్ష, పొర పరీక్ష చేసుకుని, ఏ ప్యాడ్ ఏ వైపు కారుతోందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకవేళ చివరికి రిపేరు చేసేవారికే ఇచ్చినా, ఆ కాగితం చూస్తే వాళ్ల పని సగం తగ్గుతుంది.

బాగుపడ్డాక ఉత్సాహం కొద్దీ మొదటి రోజే గంటల తరబడి వాయించకండి. ఏళ్లుగా పొడిగా ఉన్న చెక్క లోపలి వైపు ఒక్కసారిగా తడి, వెచ్చదనం తగిలి ఉబ్బుతుంది, బయటి వైపు పొడిగానే ఉంటుంది. ఆ లాగుడుకే పగుళ్లు వస్తాయి. మొదటి రెండు వారాలు రోజుకి పది, పదిహేను నిమిషాలు చాలు, తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. చల్లగా ఉన్న రోజున ఊదే ముందు జాయింట్లని కాసేపు చేతుల్లో పట్టుకుని బయటినుంచి వెచ్చబరచండి. వాయించిన ప్రతిసారీ గొట్టంలోంచి గుడ్డ లాగి తడి తుడిచి, జాయింట్లు విడదీసి, రీడ్ మౌత్‌పీస్ నుంచి తీసేసి పెట్టెలో పెట్టండి. ఆ పాత పెట్టెలో ముక్కిపోయిన వాసన ఉంటే లోపలి గుడ్డని ఎండలో ఆరబెట్టండి, లేదా పెట్టే మార్చండి. బూజు పట్టిన పెట్టెలో కొత్త ప్యాడ్లు ఎక్కువ కాలం నిలవవు.